అన్న రాసిన లైను

శనివారం రాత్రి, కోటగిరి

అన్న పనిచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ తన డెవలప్‌మెంట్ ప్లాట్‌ఫామ్ కోడ్‌ను, అంటే అన్నలాంటి ఇంజనీర్లు రాసిన ప్రోగ్రాం లైన్లన్నిటినీ, ఎవరైనా ఉచితంగా చూసేలా నెట్‌లో పెట్టింది. పొద్దున ఫోన్‌లో ఆ వార్త చూసి బాపుకు చెప్పకుండా ఉంటే బాగుండేది.

అన్న ఉన్నన్నాళ్లూ బాపు అడిగేవాడు. "నువ్వు గక్కడ ఏం జేస్తవో ఒక్కసారి సూపియ్యిరా." అన్న నవ్వేవాడు. "కంపెనీది బాపు, బయటోళ్లకు సూపియ్యరాదు." అన్న పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఎవరైనా చూడొచ్చట.

సాయంత్రం పొలానికి నీళ్లు పెట్టి వచ్చిన బాపు కాళ్లు చేతులు కడుక్కుని, ఉతికిన అంగీ తొడుక్కుని నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"మనోడు రాసింది యాడుంది బిడ్డా?"

వెతికాను. ఎవరు ఏది రాశారో తెలిపే పేర్లన్నీ తీసేసి, అంతా కంపెనీ పేరు మీదే పెట్టారు. అన్న పేరు ఎక్కడా లేదు. కంటికి కనబడిన ఒక లైను మీద వేలు పెట్టి, "గిదే బాపు" అన్నాను.

బాపుకు ఇంగ్లిష్ అక్షరం రాదు. అయినా చాలాసేపు చూశాడు. చెయ్యి అంగీకి తుడుచుకుని, ఆ లైనును మెల్లగా తాకాడు.

"మంచిగ రాసిండు. ఇయ్యాలకు గిది సాలు, రేపు ఇంకోటి సూపియ్యి."

వేల లైన్లున్నాయి. ఏదో ఒకరోజు నిజంగా అన్న రాసిన దాని మీదే నా వేలు పడుతుందేమో. అప్పుడు కూడా మా ఇద్దరికీ తెలియదు.