హీట్ పంప్‌కి కప్పిన రగ్గు

ఒరే తమ్ముడూ,

డ్యూటీ నుంచి రాగానే ముందు నాన్నని చూడు. నువ్వొచ్చేదాకా పక్కింటి అత్తయ్య ఆయన దగ్గర కూర్చుంటానంది. తర్వాత పెరట్లోకి వెళ్లి హీట్ పంప్‌కి ఏమీ అడ్డం లేకుండా చూడు. బయటి గాలిలోంచే వేడి లాగి ఇంట్లోకి పంపుతుంది కదా, దానికి గాలి ఆడకపోతే ఇల్లు వెచ్చబడదు. మంచు పేరుకుంటే కర్రతో కొట్టకు, అదే కరిగించుకుంటుంది. అప్పుడు తెల్లగా లేచేది ఆవిరే, పొగ కాదు, కంగారుపడి ఆపేయకు.

పొద్దున లేచేసరికి ఇల్లంతా చల్లబడిపోయి ఉంది. నాన్న మంచం ఖాళీ. గదులన్నీ వెతికాను. చూస్తే పెరట్లో, పల్చటి చొక్కాతో, చెప్పులైనా లేకుండా కూర్చుని ఉన్నారు. తన రగ్గు తీసి హీట్ పంప్‌కి కప్పేశారు. "పాపం, బయట ఒక్కటే వణికిపోతోందమ్మా" అన్నారు. ఆయన కాళ్లు కొయ్యబారిపోయాయి. ఇప్పుడు వెచ్చబడి పడుకున్నారు. రగ్గు తీశాక పంపు మళ్లీ నడుస్తోంది.

పెరటి తలుపుకి పైన గడియ పెట్టించమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. నువ్వు చెవిన పెట్టలేదు. ఇవాళైనా ఆ పని చెయ్యి. డాక్టరు నాన్నని సాయంత్రం తీసుకురమ్మన్నారు.

అక్క

ఇంకోమాట. నాన్న నువ్వెవరని అడిగితే బెంబేలుపడకు. నన్నూ అడిగారు. మీ అమ్మాయిని నాన్నా అంటే, "మా అమ్మాయి ఇంకా బడి నుంచి రాలేదు" అన్నారు. సాయంత్రం నువ్వు కూడా రారా. డాక్టరు ఏం చెబుతారో ఒక్కదాన్నే కూర్చుని వినాలంటే నాకు భయంగా ఉంది.