అక్క డిస్కో జాకెట్

అక్కా,

నీ సంవత్సరీకం అయిపోయి వారం దాటింది. నిన్న మీ అమ్మాయి లహరి తన స్నేహితురాలి పెళ్ళి సంగీత్‌కి వైశాలి కాలనీకి వెళ్ళింది. అది నీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బావగారి తర్వాత నువ్వూ పోయాక దాన్ని మయూర్ విహార్‌లో మా దగ్గరికే తెచ్చుకున్నాం. ఏడాదిగా దానికి ఆఫీసు, గది తప్ప వేరే లోకం లేదు. వేసుకునేవన్నీ బూడిదరంగు కుర్తాలే. ఏమన్నా అంటే బాధపడుతుందేమోనని నేనూ నోరెత్తలేదు.

నిన్న సాయంత్రం నీ నల్ల వెల్వెట్ జాకెట్ వేసుకుని గదిలోంచి వచ్చింది. ఢిల్లీ వచ్చిన కొత్తలో బావగారితో హోటల్ డిస్కోకి వేసుకెళ్ళేదానివే, ఆ వెండి చెమ్కీలది. భుజాల్లోని దూది మెత్తలు తీసేసి, కిందికి జీన్స్ వేసుకుంది.

"పిన్నీ, కైసా లగ్ రహా హై? మరీ ఓవర్‌గా ఉందా?" అని అడిగింది.

అప్పట్లో అమ్మ నిన్ను చూసి "సర్కస్‌కా బయల్దేరావు?" అంటే, నువ్వు నవ్వుతూ ఒక చుట్టు తిరిగి చూపించావు. నాకు అదే గుర్తొచ్చింది.

"మీ అమ్మయితే దీని మీద పెద్ద పెద్ద జూకాలు కూడా పెట్టేది. వెళ్ళిరా," అన్నాను. వెనక్కి వెళ్ళి జూకాలు కూడా పెట్టుకొచ్చింది.

ఇవాళ ఆలస్యంగా లేచింది. డాన్స్ చేసీ చేసీ కాళ్ళు పట్టేశాయనీ, మడమలు బొబ్బలెక్కాయనీ ఒకటే గొడవ. వేడినీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టించి, పక్కనే కూర్చుని ఆ సణుగుడంతా విన్నాను. ఎంత హాయిగా ఉందో అక్కా.