కోఫీ వెళ్లాడు, లెక్క వెళ్లలేదు

జనవరి 11, ఆదివారం
మా ఫుట్‌బాల్ జట్టు నుంచి కోఫీ, ఇబ్రా ఊరి క్లబ్బుకు వెళ్లిపోయాడు. బదులుగా వాళ్ల డిఫెండర్ మాకు. లిస్టులో కోఫీ పేరు కొట్టేసి కొత్తవాడి జీతం రాశాను. అందరివీ కలిపినా లీగ్ పెట్టిన జీతాల పరిమితికి లోపలే. మా యజమాని అర్బాబ్ చూడకుండానే సంతకం పెట్టాడు. "తుమ్ దేఖా నా? బస్." నేను చూశానుగా, చాలట.

జనవరి 12
లీగ్ ఆఫీసు నుంచి మెయిల్. పరిమితి దాటిందట. మూడుసార్లు చదివాను.

సాయంత్రానికి అర్థమైంది. కోఫీతో మూడేళ్ల ఒప్పందం. సంతకం రోజే పెద్ద అడ్వాన్సు ఇచ్చి, దాన్ని పరిమితి లెక్కలో మూడేళ్లకు పంచి చూపిస్తున్నాం. మనిషి వెళ్తే జీతం పోతుంది. అడ్వాన్సు పోదు... మిగిలిన రెండేళ్ల వాటా కూడా కలిసి ఈ ఏడాదే మా నెత్తిన పడింది.

పదకొండేళ్లుగా అర్బాబ్ కంపెనీలో మేస్త్రీలకు రిలీజ్ పేపర్లు చేస్తున్నాను. మనిషి వేరే కంపెనీకి వెళ్లిన రోజే ఫైలు మూసేస్తాం. ఆ అలవాటే ఇక్కడ ఆయన క్లబ్బులోనూ చూపించాను. బుద్ధి గడ్డి తింది.

జనవరి 13
అర్బాబ్‌కు చెప్పలేదు. అన్నం సహించడం లేదు. రూములో మస్తాన్ భాయ్ — "మొగం యాల అట్ల పెట్టుకున్నావ్? జొరమా?" కడుపు బాగాలేదన్నాను. భయంగా ఉంది ప్రభువా. నా వీసా ఆయన చేతిలో ఉంది.

జనవరి 14
చెప్పేశాను. అరుస్తాడనుకున్నా. అరవలేదు. టీ తాగుతూ, "ఏక్ నామ్ దో. గల్తీ తుమ్హారా, నామ్ భీ తుమ్ దో." తప్పు నాది కాబట్టి, ఎవణ్ని తీసేయాలో పేరూ నేనే ఇవ్వాలట.

రేపు మధ్యాహ్నం పన్నెండులోపు ఒకణ్ని తీసేయాలి. లేదంటే పాయింట్లు కోస్తారు. అడ్వాన్సు తీసుకోనివాడే కావాలి, లేకపోతే మళ్లీ ఇదే గొడవ. అలాంటివాడు జట్టులో ఒక్కడే. రెండో గోల్‌కీపర్ నాసర్. చేరేటప్పుడు అడ్వాన్సు అడగనా అని వాడంటే, "ఎందుకు, మీ ఊరు ఇక్కడే కదా" అని ఆపింది నేనే.

నా ఉద్యోగం పోతుందని ఇన్ని రోజులు భయపడ్డాను. పోయేది నాది కాదు.

జనవరి 15, గురువారం
పొద్దున్నే నాసర్ ఆఫీసుకు వచ్చాడు. ఇంటి లోనుకు జీతం సర్టిఫికెట్ కావాలట. "డేవిడ్ భాయ్, పూరా సీజన్ లిఖ్‌నా." కాదంటే ఎందుకో చెప్పాలి. సీజన్ అంతా ఉద్యోగం ఉంటుందని టైపు చేసి స్టాంపు వేశాను. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, షుక్రన్ అన్నాడు. నేను కంప్యూటర్ వైపు చూస్తూ ఉండిపోయాను.

పదకొండు దాటింది. లిస్టులో వాడి పేరు కొట్టేశాను. మళ్లీ పెట్టాను.

ఇప్పుడే బ్యాంకు నుంచి ఫోన్. సర్టిఫికెట్ మీదేనా, నాసర్ మీ దగ్గరే పని చేస్తున్నాడా అని.

ఔను అన్నాను.

పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలు.