గుమ్మం పట్టని ఎర్రటోపీ

డర్బన్

ప్రియమైన మేనత్త బజబులీలేకి,

నోమలంగా నమస్కరించి రాయునది. శుక్రవారం నా శిల్పాల ప్రదర్శన. మనవైపు ఎర్రటోపీ ఒకటి చేస్తున్నాను. గడ్డి కట్టేశాను, నూలు చుట్టేశాను. నువ్వు ఎర్రమన్నూ కొవ్వూ కలిపి పూసే రంగు మాత్రం నాకు కుదిరి చావడంలేదు. ఆరగానే రాలిపోతోంది. ఆ రంగు లేకపోతే నా ప్రదర్శనే లేదత్తా. టాక్సీవాడితో పంపించవూ?

నీ మేనకోడలు

తా.క. ఎక్కువే పంపు. టోపీ గుమ్మంలో పట్టడంలేదు.

తుగేలా ఫెర్రీ

చి. నోమలంగాకి అత్త దీవెనలు.

అత్తింటివాళ్ళ ముందు మర్యాదకి పెట్టుకునే టోపీ నీకెందుకే? ఎవడే వాడు? మన కంచె బయట నిలబడి, మన వంశం పేర్లు ఎలుగెత్తి చదివి పిల్లనడిగినవాడు ఒక్కడూ లేడే! మీ బాబాయిలు అప్పుడే కోట్లు తొడుక్కుని కూర్చున్నారు. వాళ్ళ తరఫు పెద్దమనిషి వచ్చేదాకా చిటికెడు రంగు కూడా పంపను.

నీ అత్త

తా.క. గుమ్మం పట్టనంత టోపీయా? అంతమంది అత్తగార్లున్నారా తల్లీ?

డర్బన్

అత్తా, నీకు దణ్ణం పెడతాను.

పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు! ఆ టోపీ ఎవరి తలకీ కాదు, జనం చూసి వెళ్ళడానికి. మా గ్యాలరీలో పనిచేసే జోండీగారు రేపు అటే వస్తున్నారు. పెద్దాయన, మర్యాదస్తుడు. రంగు ఆయనకివ్వు.

నీ నోమలంగా

తా.క. సీసా ఆయనే తెచ్చుకుంటారు.

తుగేలా ఫెర్రీ

బంగారుతల్లీ,

జోండీగారొచ్చారు. కంచె బయటే ఆగి, మన వంశం పేర్లన్నీ ముత్తాతల దాకా తప్పులేకుండా చదివారు. పరాయి ఇంటికి వెళితే అలా పిలవాలని వాళ్ళమ్మ నేర్పిందట. ఎంత బాగా చదివారే! ఇంకేముంది, పెళ్ళేమీ లేదని నేను మొత్తుకున్నా వినకుండా, నీ పెళ్ళిమాటలకే వచ్చారనుకుని మీ బాబాయిలు ఆనవాయితీగా ఆయన్ని ఎండలో నిలబెట్టి, నిలబెట్టి లోపలికి పిలిచారు. వాళ్ళ కళ్ళన్నీ సీసా మీదే. మాట మొదలుపెట్టేముందు పెళ్ళివారిచ్చే సారా అనుకున్నారు. తీరా చూస్తే ఖాళీ! "మమ్మల్ని వెక్కిరించడానికొచ్చావా?" అంటూ పెద్దవాడు కర్ర తీశాడు.

"నేను రంగు కోసం వచ్చాను బాబూ, పిల్ల కోసం కాదు!" అని ఆయన నా వెనక దాక్కున్నారు. నవ్వలేక చచ్చాను.

ఇంట్లో కాచిన బీరు కుండ ఆయన చేతికిచ్చి, రంగు కలపడానికి కూర్చున్నాను. ఆయన పక్కనే చేరి మన్ను నూరిపెట్టారు. భార్య పోయి చాలా కాలమైందట పాపం. రంగు ఆయనతోనే పంపుతున్నాను. రాలదు, నాదీ పూచీ.

నీ అత్త

తా.క. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ టోపీలు చేశాను గానీ, నా తలకి ఒక్కటీ దక్కలేదు కదే. ఆదివారం జోండీగారు మళ్ళీ వస్తారట, ఈసారి నిండు సీసాతో. కాస్త రంగు నాకోసం అట్టేపెట్టుకున్నాను, కోప్పడకు.