పత్తి గింజల బిల్లు

జమునా, మేం మంచిగనే ఉన్నం బిడ్డా.

మొన్న బండి మీద ఒకడొచ్చి, పేరు లేని సంచిల పత్తి గింజలు సగం ధరకే ఇస్తనన్నడు. బాపు ఆశపడ్డడు గని నేను వద్దన్న. మీ తమ్ముడు అంజి బతికున్నప్పుడు ఖాళీ ప్యాకెట్లు, బిల్లు కలిపి పంట చేతికొచ్చేదాక వాసానికి చెక్కెటోడు. "బిల్లు లేకుంటే రేపు ఎవని కాలర్ పట్టుకుంటవే అవ్వా?" అని నవ్వెటోడు. నిరుటివి ఇంకా అక్కడనే ఉన్నయి, తీయబుద్ధి కాలే.

ఆసిఫాబాద్‌ల దుకాణానికి పోయి కొన్నం. "బిల్లు ఎవరి పేరు మీద రాయాలె?" అని సేటు అడిగితే, వాని పేరే నా నోటికొచ్చింది. గింజలు మొలవకుంటే, చచ్చిపోయినోని పేరు మీదున్న బిల్లు చెల్లుతదా? అల్లుణ్ణి అడిగి రాయి. మార్పియ్యాలంటే బాపునే పంపుత. వాని పేరు కొట్టెయ్యుమని నేను చెప్పలేను.

పిల్లలకు నా దీవెన.

అవ్వ