రంగు ఆరేదాకా

మామయ్యకి,

నమస్కారం పెట్టాలనే ఉంది గానీ, నిన్న మీరన్న మాటకి ఇంకా చేతులు లేవడం లేదు.

"రంగు ఆరేదాకా కూడా ఒకచోట నిలబడలేనివాడివి, నా కూతురికి ఊరు చూసిపెడతావా?" అన్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టి, సెలూన్లో సబ్బునురగ మొహాలవాళ్ళందరూ వింటుండగా మరీ అన్నారు. వాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వడం ఇక్కడిదాకా వినిపించింది. పైగా "ఫోన్లో నువ్వు సగం విని పెట్టేస్తావు, ఏదున్నా కాగితం మీద రాసి బస్సు డ్రైవర్ చేతికియ్యి" అన్నారు. ఇదిగో, రాస్తున్నా. ఎనిమిదో క్లాసులో బడి ఎగ్గొట్టాక ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే మీ అమ్మాయి చేత దిద్దించుకుని చదవండి.

మీ దగ్గర కత్తెర పట్టి వదిలేశా, నిజమే. సైకిల్ షాపూ వదిలేశా. కానీ బ్రష్ పట్టాక వదల్లేదుగా?

ఈ ఊరే ఎందుకంటే చెప్తా. సిటీలో మన వీధి చివర షట్టర్ ఉంది చూడండి. దానికి బోర్డులన్నీ నేనే రాశా. ముందు చెప్పుల షాపు, తర్వాత జిరాక్సు, తర్వాత ఫోన్ల రిపేరు, ఇప్పుడు గాజుతొట్లో చేపలు. ఒకడి అక్షరాలు ఆరకముందే ఇంకొకడు వచ్చి పైన రాయమంటాడు. ఇక్కడ బోర్డులన్నీ ఎండకి వెలిసిపోయి ఉన్నాయి మామయ్యా. టైలర్ బోర్డు మీద తండ్రి పేరు పాతకాలం అక్షరాల్లో ఉంది, దాని కింద ఇరుకులో ఎవరో 'మరియు కొడుకు' అని ఇరికించారు. పెయింటర్‌కి ఇలాంటి ఊరు చూస్తే ఏడుపు రావాలి. నాకేమో ఇక్కడే ఉండిపోదామనిపించింది. పుట్టబోయే మా బిడ్డ మొదటి పెన్సిల్ కొనుక్కునే షాపు, ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా అదే చోట ఉండాలి. నాకు కావాల్సింది అంతే.

ఇల్లు కూడా చూశా. ముందు గదిలో ఒక ముసలాయన సెలూన్ నడుపుతాడు. వెనక రెండు గదులు ఖాళీ. వంటగదికి కిటికీ ఉంది. మీ అమ్మాయి ఏడుపంతా కిటికీ కోసమే కదా! ఒకటే చిక్కు. ఇంటి పెద్దావిడ "పిల్లలున్నవాళ్ళకి ఇవ్వను, గోడల మీద గీస్తారు" అంటోంది. గోడల మీద గీయడమే నా వృత్తి అని ఆవిడకి చెప్పలేదు.

ఆదివారంలోపు అన్నీ కుదిర్చి చూపిస్తా. లేకపోతే మీరన్నట్టే మీ సెలూన్ వెనక గదిలో కాపురం పెడతా. సరేనా?

ఇంకా కోపంగానే ఉన్న,
మీ అల్లుడు

తా.క.: పని లేదన్నారుగా? డాక్టరమ్మ బోర్డు రాయమంది. తర్వాత బడి పెద్ద టీచరమ్మ, మందుల షాపాయన, బేకరీ ఆయన కూడా ఒకరికి తెలియకుండా ఒకరు నన్నే అడిగారు. ఒక్కొక్కటి ముగించుకుంటూ పోయే ఓపిక నాకెక్కడిది! నాలుగింటికీ ఒక్కరోజే తెల్ల కోటింగ్ కొట్టేశా. రంగు మిగిలితే పారబోయడం దేనికని సెలూన్ ముసలాయన బోర్డుకి కూడా ఊరికే ఒక చెయ్యి వేశా. అయిదు బోర్డులు, ఒక్క పూట! ఇక అక్షరాలే బాకీ.

*

తూనీగగారికి మామ రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు కూడా ఎక్కడో ఒకచోట వాలి క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

అల్లుడూ, నీ తెలివికి నా కత్తెర కిందపడింది. బోర్డులు వెలిసిపోయిన ఊరంటే బోర్డులు రాయించని ఊరని అర్థం. ఈ అయిదూ అయ్యాక ఆరోది ఎవరికి రాస్తావు? చెట్లకి రాస్తావా?

సరే, పని సంగతి వదిలెయ్. నేను అడిగేవి రెండే. నా కూతురు ఇవాళో రేపో అనేలా ఉంది, ఆ డాక్టరమ్మ పురుడు పోస్తుందా? పుట్టేవాడు నీలాగా కాకుండా పైకి రావాలి, ఆ బడి మంచిదేనా? ఇంకోటి కూడా ఉంది, అది అడగకుండా ఉండలేను. నా మనవడికి క్రాఫు ఎవరు చేస్తారు? ఆ ముసలాయన చెయ్యి వణుకుతుందట. మన డ్రైవర్ ఒకసారి ఆయన దగ్గర గడ్డం గీయించుకున్నాడు, ఎడమ చెవి కింద సాక్ష్యం ఇప్పటికీ ఉంది. ముట్టుకుని మరీ చూశాను.

అమ్మాయి నీ ఉత్తరం చదివి తెగ నవ్వింది. ఎందుకు నవ్వావే అంటే చెప్పదు. కిటికీ మాట దగ్గర మాత్రం నవ్వలేదు.

కత్తి నూరుకుంటూ,
నీ మామ

తా.క.: ఉత్తరం గట్టిగా అంటించి పంపు. నేను చదవకముందే డ్రైవర్ నవ్వుతున్నాడు.

ఇంకో తా.క.: ఇది అంటించబోతుంటే మీ ఊరి మనిషి ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మీ డాక్టరమ్మ ఊరొదిలి వెళ్ళిపోతోందట కదా! నీకు తెలుసా? తెలిసీ దాచావా?

*

మామయ్యకి,

డాక్టరమ్మ వెళ్ళడమేంటి? ఎవరో మీ చెవిలో పువ్వు పెట్టారనుకుని నవ్వుకుంటూ బయల్దేరా. క్లినిక్ ముందు జనం మామయ్యా! వానలో గొడుగులేసుకుని సందు చివరిదాకా నిలబడ్డారు. ఎప్పట్నుంచో ఉన్న మోకాళ్ళ నొప్పులు, మర్చిపోయిన దగ్గులు, అన్నీ ఇవాళే చూపించేసుకుంటున్నారు. ఒకావిడ ఏ జబ్బూ లేకుండానే వచ్చింది. "ఊరికే, మొహం చూసిపోదామని" అంటోంది. నేను లోపలికి వెళ్ళబోతే "లైన్లో రా బాబూ" అని వెనక్కి తోశారు.

బేకరీకి వెళ్ళా. బ్రెడ్డు మధ్యాహ్నానికే అయిపోయింది. బడి గేటు దగ్గర తల్లులు పెద్ద టీచరమ్మ చేతులు పట్టుకుని వదలడం లేదు. ఆవిడేమో వానకి అందరి మనసులూ మెత్తబడ్డాయనుకుంటున్నట్టుంది, అందరినీ చూసి తెగ నవ్వుతోంది. నేను మొదట ఎంత ప్రేమ గల ఊరో అనుకున్నా.

చివరికి టీ కొట్టు ఆయన్ని అడిగా.

"డాక్టరమ్మ వెళ్ళిపోతోందా అన్నా?"

"ఆవిడొక్కతేనా? బడి, మందులు, బేకరీ... అంతా సర్దుకుంటున్నారు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? కళ్ళు లేవా నీకు? వీధి మొత్తం కనబడుతోందిగా!"

వీధి మొత్తం చూశా. గొడుగుల లైనే కనబడింది. నిజమే అనిపించింది.

"పోనీ వాళ్ళనే అడిగితే?" అన్నా.

"వెళ్ళిపోయేవాళ్ళని మొహం మీద అడుగుతామా? ఏం మనుషులమయ్యా!" అని నా గ్లాసు లాగేసుకున్నాడు. ఇంకా సగం టీ ఉంది.

ఇప్పుడు అర్థమైంది మామయ్యా, నా తలరాత. జన్మలో మొదటిసారి ఒకచోట ఉండిపోదామనుకున్నా, ఆ చోటే లేచిపోతోంది. వాన పడి నా తెల్ల కోటింగ్ ఆరి చావడం లేదు. ఆరినా, వెళ్ళిపోయేవాళ్ళకి బోర్డులెందుకు? ఎల్లుండి బస్సుకి ఇంకో ఊరు చూడ్డానికి పోతున్నా. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి.

దిగాలుగా,
మీ అల్లుడు

తా.క.: ఒక్క మంచి మాట. ఇంటి పెద్దావిడ తనే వెతుక్కుంటూ వచ్చి "కవలలైనా పర్లేదు బాబూ, ఉండండి" అంది. బేరమాడటం నాకు పుట్టుకతో వచ్చింది. కాకపోతే నేనింకా ఏమీ అడగలేదు.

*

అల్లుడూ,

ఇక చాలు, వచ్చెయ్.

పొద్దుట్నుంచి బస్సులో దిగేవాళ్ళంతా అదే మాట. ఒకడు సిటీలో గది దొరుకుతుందా అని నన్నే అడిగాడు. సగం క్రాఫుతో లేచి గది వెతుక్కోడానికి పోయాడు, మిగతా సగానికి మళ్ళీ వస్తాడో రాడో. డాక్టర్ లేని ఊరికి, బడి లేని ఊరికి, బ్రెడ్డు ముక్క కూడా దొరకని ఊరికి నా బిడ్డని పంపనుగాక పంపను. ఇంకో ఊరూ వద్దు, ఏ ఊరూ వద్దు. నువ్వు ఆ ఊరి నుంచి ఇంకో ఊరికి, అక్కణ్ణుంచి మరో ఊరికి ఎగురుతూ ఉంటే ఈలోపు నా మనవడికి మీసాలొస్తాయి.

సెలూన్ వెనక గది ఖాళీ చేయించాను. పాత కుర్చీలు బయటపడేశాను. గోడకి కిటికీ కొట్టిద్దామని మేస్త్రీని పిలిచాను. అటు పక్క కొత్తగా పెట్టిన అద్దాల సెలూన్ గోడే ఉంది, కొడితే వాళ్ళ అద్దంలోకి కొట్టాలన్నాడు. ఇంకేదైనా చూద్దాం.

నేనేదో మొండికేస్తున్నానని నువ్వనుకోవచ్చు. అనుకో. ఇంట్లో ఉన్నది నేనూ అమ్మాయీ. పొద్దున కాఫీలో చక్కెర దగ్గర మొదలుపెడితే రాత్రి దీపం ఆర్పేదాకా అది నాతో పోట్లాడుతుంది. అది వెళ్ళిపోతే ఎవరితో పోట్లాడను? కుర్చీతోనా?

ఈ ముక్క అమ్మాయికి చూపించకు.

వచ్చెయ్యమంటున్న,
నీ మామ

తా.క.: వచ్చేటప్పుడు నిచ్చెన బస్సు మీద కట్టించుకురా. అక్కడే మర్చిపోయి, మళ్ళీ దాని కోసమని వెళ్ళి, అక్కడే ఉండిపోతావు. నీ సంగతి నాకు తెలుసు.

నాన్న గమ్ అంటించేలోపు నేనో ముక్క రాస్తున్నా. కాఫీలో చక్కెర సంగతి చదివేశాను, చెప్పకు. ఆ ఊరివాళ్ళంతా 'బోర్డులు తుడిచేశారు, అందుకే తెలిసింది' అంటున్నారు. నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. ఒక్కటే అడుగుతా. తెల్ల కోటింగ్ కొట్టాక ఆ బోర్డుల మీద ఒక్క అక్షరమైనా రాశావా?

*

మామయ్యకి, రెండు చేతులూ జోడించి నమస్కారం. ఈసారి నిజంగానే.

మీ ఉత్తరం వచ్చేసరికి పక్క ఊరి బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నా. మీ అమ్మాయి రాసింది చదివి తలెత్తా. ఎదురుగా వీధిలో అయిదు బోర్డులు, ఉతికి ఆరేసిన దుప్పట్లలాగా తెల్లగా! నా గుండె జారి చెప్పుల్లో పడింది.

సిటీలో బోర్డుకి తెల్లరంగు వేస్తే ఎవరు చూస్తారు మామయ్యా? ఇక్కడ మాత్రం వాళ్ళకి బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఉన్న అక్షరాలు ఒక్కపూటలో మాయమైపోయాయి. డాక్టరమ్మ వెళ్ళిపోతోందని బడివాళ్ళు అనుకున్నారు. బడి మూసేస్తున్నారని డాక్టరమ్మ అనుకుంది. తాను తప్ప అందరూ పోతున్నారని బేకరీ ఆయన రాత్రంతా కూర్చున్నాడట. ఎవరూ ఎవర్నీ అడగలేదు, మర్యాద కాదని!

వాన వెలిసి కోటింగ్ ఆరింది, నిచ్చెన తీసుకుని పరిగెత్తా. ముందు డాక్టరమ్మ బోర్డు. మొదటి అక్షరం రాసేసరికి, గొడుగులు ముడుచుకున్న లైను కదలడం మానేసింది. రెండో అక్షరానికి ఎవరో "అయ్యో, ఉంటోందే!" అని అరిచారు. డాక్టరమ్మ బయటికొచ్చి "నేనెక్కడికి వెళ్తున్నాననుకున్నారు మీరంతా?" అంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెల్లగా ఇళ్ళకి జారుకున్నారు. మీ అమ్మాయి సంగతి నిచ్చెన మీదే అడిగా. పురుడు తనే పోస్తానంది, ముందు కిందికి దిగమంది.

బడి బోర్డు రాస్తుంటే పెద్ద టీచరమ్మ కిందే నిలబడి అక్షరం అక్షరం సరిచూసింది. ఒత్తు ఒకటి మర్చిపోతే బెత్తం చూపించింది. మా బిడ్డకి ఈ బడి చాలు.

ఊరు ఖాళీ అవడం లేదని తెలిసి పెద్దావిడ మళ్ళీ గోడల మాట ఎత్తింది. "కవలలైనా పర్లేదన్నావుగా!" అని టైలర్, ఆయన కొడుకు అడ్డం తిరిగారు. ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది, గోడ మీద మరక పడితే ఆ రోజే ఖాళీ చెయ్యాలట.

ఇక అసలు సంగతి. అయిదో బోర్డు సెలూన్ ముసలాయనది. ఆయన ఎక్కడికీ వెళ్ళాలనుకోలేదు. కానీ రెండు రోజులుగా ఊరంతా వచ్చి చేతులు పట్టుకున్నారు, నువ్వు చేసిన క్రాఫుతోనే పెళ్ళి పీటల మీద కూర్చున్నామని చెప్పారు, ఒకాయన ఏడ్చాడు కూడా. "ఇంత బాగా సాగనంపాక ఉండిపోతే బాగుంటుందా బాబూ?" అన్నాడు. చెయ్యి వణుకుతున్న సంగతి ఆయనకీ తెలుసు. తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. నా తెల్లరంగు అయిదుగురిని పంపుతోందన్నారు, నిజంగా పంపింది ఒక్కణ్ణే.

ముందు గదిలో కుర్చీ ఖాళీ మామయ్యా. అద్దం ఉంది. కుర్చీ కాస్త కిర్రుమంటుంది. మీ పక్కన అద్దాల సెలూన్ పెట్టాక మీ కుర్చీలో మీరే ఎక్కువసేపు కూర్చుంటున్నారని నాకు తెలుసు. సెలూన్ వెనక గదిలోనే కాపురమన్నారు, మీ మాటే నెగ్గింది. కాకపోతే ఈ సెలూన్ వెనక. దీనికి కిటికీ ఉంది. కాఫీ కప్పుతో ఆ కిటికీలోంచి మీ అమ్మాయి తలపెట్టి పోట్లాడితే మీకు కుర్చీ దగ్గరికే వినబడుతుంది.

మిమ్మల్ని అడగకుండానే బోర్డు రాసేశా, తిట్టండి. మీ సంగతి చెప్పి పేరు రాయబోతే చుట్టూ చేరినవాళ్ళు "మామయ్య ఎప్పుడొస్తాడు, మామయ్యకి గడ్డం కూడా వచ్చా" అని ఒకటే గోల. అందుకని 'మామయ్య సెలూన్' అని రాశా. కింద కాస్త చోటు ఖాళీగా వదిలా, 'మరియు మనవడు' కోసం. మనవరాలైతే కూడా సరిపోతుంది, కొలిచి చూసుకున్నా.

రంగు ఆరేదాకా నిలబడలేనన్నారుగా? ఈ బోర్డు రాసి దిగినప్పట్నుంచి నిచ్చెన కిందే కూర్చుని ఉన్నా. ఈ ఉత్తరం కూడా ఇక్కడే రాస్తున్నా. ఎక్కడికీ కదల్లేదు, టీకి కూడా.

ఆదివారం మొదటి బస్సుకి ఇద్దరూ వచ్చెయ్యండి. కత్తెర మర్చిపోకండి.

మీ కోసం నిచ్చెన పట్టుకుని,
తూనీగ

తా.క.: ఆరిందో లేదో చూద్దామని ఇప్పుడే 'మామయ్య' మీద వేలు పెట్టా. ఆరలేదు. ఆ వేలు చూసుకోకుండా పెద్దావిడ గోడకి తుడిచా. లోపల్నుంచి ఆవిడ వస్తున్న చప్పుడు వినబడుతోంది, నేను వెళ్ళాలి