తక్కెడకు చెయ్యి

మార్చి 3, సోమవారం, ఉదయం 11.10

మా కంపెనీ వారి పొదుపరుల మార్గదర్శి పన్నెండో ముద్రణకు నా సంతకం కోరుతూ ఫైలు వచ్చింది. అట్టమీద తక్కెడ. ఒక పళ్లెంలో షేర్లు, ఇంకోదాంట్లో బాండ్లు. ఒకటి దిగితే మరొకటి లేస్తుంది అని కింద రాసి ఉంది. బొమ్మా, వాక్యమూ నావే. పదకొండు ముద్రణలుగా వాటి మీద జీతం తీసుకుంటున్నాను. గత ఏడాది రెండూ కలిసి దిగిన సంగతి ఫైలులో ఎక్కడా నమోదు కాలేదు.

మార్చి 4, మంగళవారం

పాత ఇనుము కొట్టు నడిపే పెద్దావిడ మా మార్గదర్శి పుస్తకం పట్టుకుని వచ్చింది. మోకాలి ఆపరేషన్ కోసం దాచినది మా మాట నమ్మి షేర్లలో, బాండ్లలో చెరిసగం పెట్టిందట. ఏడాది తిరిగేసరికి అయిదో వంతు లేదు. ఆపరేషన్ వాయిదా. ఇది అరుదైన పరిణామమని తగిన గాంభీర్యంతో సెలవిచ్చాను. ఆవిడ కర్ర గోడకు ఆనించి, నలభై ఏళ్లు తక్కెడ పట్టినదాన్ని బాబూ, చెయ్యి కదలనంతసేపే ఒకటి దిగితే ఒకటి లేస్తుంది, చెయ్యే దించేస్తే రెండూ దిగవూ, ఇంత చదువుకుని చెయ్యి గీయడం మర్చిపోయారేం అంది.

నిజమే. బొమ్మలో చెయ్యి లేదు. తక్కెడ గాలిలో వేలాడుతోంది, పదకొండు ముద్రణలుగా.

అదే రోజు, సాయంత్రం 5.30

ముప్పై ఏళ్ల లెక్కలు తిరగేశాను. ధరలు నిలకడగా ఉన్న ఏళ్లలో షేర్లూ బాండ్లూ ఎడమొహం పెడమొహం. ధరలు మండి, వడ్డీ రేట్లు పెరిగిన ఏళ్లలో జంటగా బావిలో దూకాయి. పెద్దావిడ చెప్పిన చెయ్యి ఈ ధరలూ వడ్డీలే.

మార్చి 6, గురువారం

బొమ్మకు చెయ్యి జోడించాలని నోట్ పెట్టాను. డైరెక్టరు గారు పిలిపించారు. మనం అమ్మేది ధైర్యమయ్యా, అనుమానం కాదు, మేనేజరు పోస్టుకు నీ పేరే మొదట ఉంది, సంతకం పెట్టి వెళ్లు అన్నారు. టీ పోయించారు. తాగాను. సంతకం పెట్టలేదు.

మార్చి 7, శుక్రవారం

కూర మాడినా నోరెత్తని మనిషి తక్కెడ కోసం తగువు పెట్టుకున్నారా అని శ్రీమతి నవ్వింది. తరువాత, పోస్టు పోతే పోనివ్వండి, ఆ పెద్దావిడ మొహం ఎలా చూస్తారు అంది. విషయం ఇంట్లో ఆమోదం పొందింది.

మార్చి 10, సోమవారం

పెట్టను.

మార్చి 12, బుధవారం

డైరెక్టరు గారి బావమరిది మేనేజరయ్యాడు. సంతకం పెట్టాడు. నన్ను స్టోర్స్‌కు బదిలీ చేశారు. అచ్చయి వచ్చే పదివేల ప్రతులూ పంపిణీ అయ్యేదాకా నా సంరక్షణలోనే ఉండాలట. ఈ ఏర్పాటులోని విజ్ఞతను ఎవరూ గమనించినట్టు లేదు.

మార్చి 17, సోమవారం

రబ్బరు స్టాంపు చేయించాను. పిడికిలి బొమ్మ, కింద: చెయ్యి దిగితే రెండూ దిగుతాయి. ఎవరితో సార్ గొడవ అని స్టాంపుల దుకాణం అతను అడిగాడు. నా బొమ్మతోనే అన్నాను.

మార్చి 18, మంగళవారం

నాలుగు వందల పన్నెండు ప్రతుల అట్టలకు స్టాంపు పడింది. పెద్దావిడ వచ్చి, మోకాలు చాపుకుని కూర్చుని, పిడికిలి వంకరగా పడుతోంది బాబూ, ఇలా తే అంది.